పద్నాలుగు కూడా కలిపి

ఆ పిట్టకు కూడా తెలిసిపోయింది ఎవర్ని పొడవాలో, అనుకుంది గ్లెనిస్ ట్రెజైజ్ నెత్తి తడుముకుంటూ, పరీక్ష రాస్తున్న ఇరవై మూడు మంది పిల్లల మధ్య చప్పుడు కాకుండా నడుస్తూ, పొద్దున బడి గేటు దగ్గరి పైన్ చెట్టు మీంచి రివ్వున దిగి తన జుట్టులో ముక్కు గుచ్చి పోయింది మాగ్‌పై, సెప్టెంబరులో ఇక్కడ వసంతం వచ్చిందంటే అంతే, గూట్లో పిల్లలుంటాయి కాబట్టి దారినపోయే వాళ్ళ మీద పడుతుంది, అది న్యాయమే, కానీ తనకు రెండడుగుల వెనక సైకిలు నడిపించుకుంటూ వచ్చిన టామ్సిన్ నాన్‌కెర్విస్ జోలికి పోలేదే, ఆ పిల్ల నెత్తి మీద హెల్మెట్టయినా లేదే, చేతికి తగిలించుకుని ఊపుకుంటూ వస్తోందే, పైగా అయ్యో మిస్ తగిలిందా అని పరుగెత్తుకొచ్చింది, మిస్ అట మిస్, ముప్పై ఒక్కేళ్ళ మనిషి, తనతో పాటు అదే స్టాఫ్‌రూములో అదే కెటిల్లో నీళ్ళు కాచుకునే టీచరు, ఈ బడిలో ప్రిన్సిపాల్ యూరెన్‌నే టీచర్లందరూ డారిల్ అని పేరు పెట్టి పిలుస్తారు, ఇదొక్కతే తనని మిస్ అంటుంది, ఎప్పుడో పన్నెండో తరగతిలో తన దగ్గర చదివానని నలుగురికీ గుర్తు చేయడానికి, అంటే గ్లెనిస్‌కి ఎన్నేళ్ళొచ్చాయో నలుగురూ వేళ్ళ మీద లెక్కేసుకోవడానికి, ఆ పైన ఒక ఫోల్డరు చేతిలో పెట్టింది, ప్రశ్నపత్రం ఇందులో ఉంది మిస్, జవాబుల కీ కూడా పెట్టాను, పదిన్నర దాకా మీరే కదా కాపలా, తీరిక ఉంటే కీ ఒకసారి చూస్తారా అంది, చూడాలట, తను చూసి బాగుంది తల్లీ అనాలి, ఆ మాట యూరెన్ చెవిన పడాలి, ఎంత తెలివి.

గ్లెనిస్ గోడ గడియారం చూసింది, తొమ్మిదీ ఇరవై, రేకుల కప్పుని ఉత్తరపు గాలి దడదడలాడిస్తోంది, ఊరి చుట్టూ పొలాల్లో పసుపుపచ్చగా పూసిన కనోలా పుప్పొడంతా ఈ జిమ్ములోకే వస్తున్నట్టుంది, ముక్కు చీదుకుంటే ఎక్కడ పిల్లల ఏకాగ్రత చెడుతుందో అని రుమాలు నొక్కి పట్టుకుంది, ఈ పోర్ట్ పెన్‌హేల్ ఊళ్ళో ఇరవై తొమ్మిదేళ్ళుగా లెక్కలు చెప్పిన మనిషి తుమ్మడానికి కూడా భయపడాల్సిన రోజొచ్చింది, ఎందుకంటే పన్నెండు గంటలకు మీటింగు, ఈ నమూనా పరీక్ష కీని అందరి ముందూ చదివి, ఏ మెట్టుకి ఎన్ని మార్కులో ఒప్పుకుని, అప్పుడే దిద్దడం మొదలుపెట్టాలి, అది ఎప్పుడూ ఉండే పద్ధతే, కానీ ఈసారి యూరెన్ కూడా వచ్చి కూర్చుంటానన్నాడు, ఊరికే వింటాను గ్లెన్, నువ్వేం అనుకోకు అన్నాడు, ఊరికే ఎవరు వింటారు, గణిత విభాగం పెద్ద ఎవరో శుక్రవారం ప్రకటించాలి, నాలుగేళ్ళుగా ఆ పనంతా గ్లెనిస్ చేస్తోంది, తాత్కాలికంగా అనే మాట పక్కన తగిలించి, టైమ్‌టేబుళ్ళు వేసింది, సెలవు పెట్టిన వాళ్ళ క్లాసులు తీసుకుంది, పాడైన క్యాలిక్యులేటర్లకు బ్యాటరీలు మార్చింది, ఇప్పుడు శాశ్వతం చేద్దాం అనుకునేసరికి మూడేళ్ళ క్రితం ఊరికి తిరిగొచ్చిన ఈ పిల్ల కూడా దరఖాస్తు పెట్టింది, పెట్టి, ఏమీ అనుకోరు కదా మిస్ అని అడిగింది, తను ఏమంది, ఛ ఛ, అందరికీ హక్కుంది అంది, అంటూ కజ్జికాయలా మడిచి కూర నింపిన పేస్ట్రీ కొరికింది, ఆ పేస్ట్రీలో బంగాళాదుంప వేడికి నాలిక కాలింది, ఇప్పటికీ ఆ చోట మొద్దుగానే ఉంది.

ఇంతకీ ఏం ఉంది ఆ టామ్సిన్‌లో, ఏం చూసి ఎగబడతారు, మూడో వరసలో కూర్చున్న ఈ జోరీ, చెవి మీద పెన్సిలు పెట్టుకుని జుట్టు పీక్కుంటున్న వీడు, పదకొండో తరగతి దాకా తన క్లాసు పిల్లాడే, మంచి బుర్ర, తొందర ఎక్కువ, ఫిబ్రవరిలో వచ్చి క్లాసు మార్చుకుంటానన్నాడు, ఎందుకురా అంటే, ఏం లేదు మిస్, మీరు బాగానే చెప్తారు, మిస్ నాన్‌కెర్విస్ క్లాసులో కొంచెం సరదాగా ఉంటుందట అన్నాడు కాళ్ళవంక చూసుకుంటూ, బాగానే, ఆ మాట ఏడు నెలలుగా గొంతులో చేప ముల్లులా ఉంది, సరదా అంటే ఏమిటో ఒకరోజు తలుపు బయట నిలబడి విన్నది కూడా, సిగ్గు లేకుండా, చేతిలో ఫైళ్ళున్నట్టు నటిస్తూ, ఏముంది, లెక్క చేసే ముందు పిల్లల చేత ఓట్లు వేయిస్తుంది, జవాబు సగం కంటే ఎక్కువ వస్తుందనే వాళ్ళు చేతులెత్తండి, తక్కువ అనేవాళ్ళు ఎత్తండి, ఓడిన పక్షం బోర్డు తుడవాలి, అంతే, దానికే క్లాసంతా పైకప్పు ఎగిరిపోయేలా అరుపులు, లెక్క ముగిశాక నవ్వులు, ఆ నవ్వులు గోడ దాటి గ్లెనిస్ క్లాసులోకి వస్తాయి, అక్కడ తన పిల్లలు తలలు వంచి నిశ్శబ్దంగా రాసుకుంటూ ఉంటారు, ఆ నిశ్శబ్దాన్ని చూసి ఇన్నాళ్ళూ గర్వపడింది, ఇప్పుడది శవం లేచిన ఇంట్లో నిశ్శబ్దంలా వినిపిస్తోంది, మొన్న ఎన్నికల రోజున కూడా అంతే, ఇదే జిమ్ములో పోలింగు, బయట బడి తరఫున సాసేజీలు కాల్చి అమ్మే స్టాలు, పదిహేనేళ్ళుగా ఆ పట్టకారు గ్లెనిస్ చేతిలోనే ఉండేది, ఓటు వేసి వచ్చే ప్రతివాడికీ ఉల్లిపాయలు పైనా కిందా అని అడగడం తన హక్కు, ఆ రోజు కొంచెం ఆలస్యంగా వెళ్ళేసరికి పట్టకారు టామ్సిన్ చేతిలో ఉంది, వరసలో నిలబడ్డ ముసలాళ్ళు కూడా దాని మాటలకు పగలబడి నవ్వుతున్నారు, గ్లెనిస్‌కి రొట్టె ముక్కలకు వెన్న రాసే పని దొరికింది.

కడుపుమంట అని దీన్నే అంటారు కాబోలు, పేరు తెలిసినంత మాత్రాన చల్లారదు, కాస్త బుర్రకి పని పెడదామని ఫోల్డరు తెరిచింది, తొమ్మిదో ప్రశ్న, పడవల రేవులోని పాత జెట్టీని ఉంచాలా కూల్చాలా అని మన వారపత్రిక అభిప్రాయ సేకరణ జరిపితే ఊరు సరిగ్గా సగానికి సగంగా చీలిందని తేలింది, అది నిజమే అనుకుందాం, అలాంటప్పుడు యాదృచ్ఛికంగా ఇరవై మందిని అడిగితే వాళ్ళలో కనీసం పద్నాలుగు మంది ఉంచాలి అనే సంభావ్యత ఎంత, అదీ మొదటి ముక్క, నిజంగానే ఇరవైలో పద్నాలుగు మంది ఉంచాలన్నారు, నూటికి ఐదు కంటే అరుదైతే అనుమానించాలి అనే పద్ధతిలో ఆ పత్రిక లెక్కను అనుమానించవచ్చా, అది రెండో ముక్క, జెట్టీ అట, ఊళ్ళో అందరూ దాని గురించే కొట్టుకుంటున్నారు కాబట్టి ప్రశ్నలో దూర్చింది, పిల్లలు చదవగానే నవ్వుకుంటారు, సరే, మెలిక ఏమీ లేదు, మామూలు ద్విపద లెక్క, ఒక్కో మనిషీ ఒక్కో నాణెం, బొమ్మ పడితే ఉంచాలి, బొరుసు పడితే కూల్చాలి, ఇరవై నాణేలు, హాజరు పట్టీ వెనక పెన్సిలుతో వేసుకుంది, మొత్తం పది లక్షల నలభై ఎనిమిది వేల అయిదు వందల డెబ్భై ఆరు విధాలు, వాటిలో సరిగ్గా పద్నాలుగు బొమ్మలు పడేవి ముప్పై ఎనిమిది వేల ఏడు వందల అరవై, పదిహేనువి పదిహేను వేల అయిదు వందల నాలుగు, ఇలా ఇరవై దాకా కలుపుకుంటూ పోతే అరవై వేల నాలుగు వందల అరవై, భాగిస్తే నూటికి అయిదున్నర దాటి దాదాపు అయిదు ముప్పావు, ఐదు కంటే ఎక్కువే, అంటే మరీ అరుదేమీ కాదు, పత్రికను అనుమానించడానికి వీల్లేదు, అయిపోయింది, ఇక ఆ పిల్ల ఎలా చేసిందో చూద్దామని కీ తిప్పింది, జవాబు నూటికి రెండు.

రెండా, గ్లెనిస్ ఆగిపోయింది, బాస్కెట్‌బాల్ కోర్టు మధ్యగీత మీద, ముందు తన లెక్కనే అనుమానించింది, మళ్ళీ కూడింది, అరవై వేల నాలుగు వందల అరవై, సరిగ్గా ఉంది, అప్పుడు కీలో మెట్లు చదివింది, ఒకటిలోంచి పద్నాలుగు వరకు వచ్చే మొత్తాన్ని తీసేసింది, పద్నాలుగు వరకు, పదమూడు వరకు కాదు, కనీసం పద్నాలుగు అంటే పద్నాలుగు కూడా లోపలే ఉండాలి, దాన్ని బయటికి తోసేసింది, ఒక్క అంకె, పదకొండో తరగతి పిల్లలు సెలవుల తర్వాత మొదటి వారంలో చేసే తప్పు, ఆ తోసేసిన పద్నాలుగొక్కటే నూటికి మూడున్నర పైగా బరువు, అది పోయేసరికి మిగిలింది రెండు, ఐదు కంటే తక్కువ, కాబట్టి రెండో ముక్కలో జవాబు కూడా తలకిందులు, అనుమానించవచ్చు అని రాసేసింది మహాతల్లి, మొత్తం ఆరు మార్కుల ప్రశ్న, గ్లెనిస్ ఒంట్లో ఏదో వెచ్చగా పాకింది, తుమ్ము కూడా ఆగిపోయింది, ఎన్నాళ్ళైంది ఇంత హాయిగా ఊపిరి పీల్చి, సరదా టీచరు, ఓట్లు వేయించే టీచరు, పన్నెండో తరగతి కీలో కనీసం అనే మాటకు అర్థం తెలియని టీచరు.

ఇప్పుడేం చేయాలి, మనసు వేగంగా నడిచింది, ఒక దారి, పన్నెండింటికి మీటింగులో కీ చదువుతూ తొమ్మిదో ప్రశ్న దగ్గరికి రాగానే, యూరెన్ టీ కప్పు నోటి దగ్గర ఉండగా, చాలా మెత్తగా, టామ్సిన్, ఈ రెండో మెట్టు నాకు కాస్త అర్థమయ్యేలా చెప్తావా అనాలి, అంతే, అంతకు మించి ఒక్క మాట అనక్కర్లేదు, ఆ పిల్ల చెప్పడం మొదలుపెడుతుంది, చెప్తూ చెప్తూ నాలుగో మాట దగ్గర దానికే తెలుస్తుంది, మొహం మెడ దాకా ఎర్రబడుతుంది, తెల్లటి చర్మం, దాచుకోలేదు, రెండో దారి ఇంకా ఉంది, అసలేమీ అనకుండా ఊరుకోవడం, ఇరవై మూడు పేపర్లూ ఆ కీతోనే దిద్దనివ్వడం, రెండు రోజుల్లో రైటు రాసిన పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు, బేకరీలో మాట్లాడుకుంటారు, ఈ ఊళ్ళో బేకరీలో మాట్లాడుకున్నారంటే పత్రికలో పడ్డట్టే, శుక్రవారం ప్రకటన వాయిదా పడుతుంది, అప్పుడు యూరెన్ తలుపు తట్టి, గ్లెన్, ఒక్క నిమిషం ఉందా అంటాడు, ఈ రెండో దారి రుచి నాలిక మీద పెట్టుకుని కాసేపు చప్పరించింది, తప్పని తెలుసు, పిల్లల మార్కులు, తెలుసు, కానీ ఎంత తియ్యగా ఉంది, పొద్దున ఆ పిట్ట పొడిచిన చోట కూడా నొప్పి తెలియడం లేదు.

మూడో వరసలో చెయ్యి లేచింది, జోరీ, గ్లెనిస్ వెళ్ళి వంగింది, వాడు గుసగుసగా, మిస్, తొమ్మిదిలో కనీసం పద్నాలుగు అంటే పద్నాలుగు కూడా కలిపేనా అన్నాడు, పరీక్షలో అలాంటివి చెప్పకూడదురా, ప్రశ్న మళ్ళీ చదువుకో అంది, వాడు పెన్సిలు కొరుకుతూ, లోలోపల నవ్వుకుంటున్నట్టు, చదివానండీ, కలిపే అనిపిస్తోంది, కానీ కలిపితే పత్రికవాళ్ళు బతికిపోతున్నారు, ఆ పత్రికంటే పడని మా తాత ఒప్పుకోడు అన్నాడు, ఎంత ఆపుకున్నా గ్లెనిస్ పెదవి కదిలింది, వాడి కాగితం మీద కన్ను పడింది, పదమూడు వరకు తీసేశాడు, సరిగ్గా రాశాడు, పక్కనే చిన్నగా జెట్టీ బొమ్మ గీసుకున్నాడు, ఆ రైటు లెక్క మీద టామ్సిన్ ఎర్ర గీత పడుతుందా, రెండో దారిలో పడుతుంది, ఏడు నెలల క్రితం వదిలి వెళ్ళినవాడే, అయినా ఆ గీతను ఊహించుకుంటే తియ్యదనంలో ఏదో చేదు తగిలింది, సరే, రెండో దారి వద్దు, మొదటిదే చాలు, మొహం ఎర్రబడితే చాలు.

మీటింగులో తడబడకుండా ఉండాలని కీని మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది, అడ్వొకేటు కేసు చదువుకున్నట్టు, మొదటి మెట్టు, రెండో మెట్టు, చివరి వాక్యం, కాబట్టి ఆ అభిప్రాయ సేకరణను మనం అనుమానించవచ్చు, మర్యాదగా, మర్యాదగా ఏమిటి, కీలో వేళాకోళమా, ఇదీ ఆ సరదాలో భాగమే, పిల్లలు దీనికే పడిపోతారు, లెక్కలకు మర్యాదేమిటి, ఈ మాట మీద కూడా మీటింగులో ఒక చిన్న చురక వేయాలి, మర్యాదగా, మర్యాదగా అనుమానించాలి పిల్లలూ, ఎదుటివాడు అబద్ధాలకోరు అనకండి, మీ లెక్కకీ మా లెక్కకీ పొత్తు కుదరడం లేదండీ అనండి, అని ఎవరో క్లాసులో అంటే పిల్లలు బల్లలు చరిచి నవ్వేవాళ్ళు, ఎవరు అనేవాళ్ళు, టామ్సిన్ క్లాసు బయట నిలబడినప్పుడు ఈ మాట వినలేదే, మరి ఎక్కడ విన్నది, ఆ గొంతు ఎవరిది, బోర్డు ముందు నిలబడి చాక్‌పీసు గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ ఆ మాటనేది, అది తనదే.

గ్లెనిస్ పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది, తనదే, తనే అనేది, చాలా ఏళ్ళ క్రితం, ఓట్లు వేయించడం కూడా, ఓడిన పక్షం బోర్డు తుడవడం కూడా, అది ఎప్పుడు మానేసింది, ఎందుకు గుర్తులేదు, ఈ కీ కూడా తనదే, అప్పుడు జెట్టీ కాదు, ఊళ్ళోని రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల్ని కలపాలా వద్దా అని, అదే ఇరవై మంది, అదే పద్నాలుగు, క్లబ్బుల్ని తీసి జెట్టీని పెట్టింది ఆ పిల్ల, మిగతాదంతా అక్షరం మార్చలేదు, ఆ తప్పు కూడా, పద్నాలుగేళ్ళ క్రితం సెప్టెంబరు, ఆ వారం ఎలా మరిచిపోతుంది, మెర్విన్ వెళ్ళిపోయిన వారం, మొగుడు పక్క ఊరి బౌలింగ్ క్లబ్బు కోశాధికారితో వెళ్ళిపోయే ముందు తను ఏం చేసింది, లెక్క వేసింది, పన్నెండు గురువారాల్లో తొమ్మిదిసార్లు ఆలస్యంగా వచ్చాడు, మామూలుగా నాలుగింట ఒకసారి ఆలస్యమయ్యే మనిషి, ఊరికే అలా జరిగే సంభావ్యత పదివేలలో నాలుగు, కాగితం మీద రాసి వాడి ముందు పెట్టింది, వాడు టీ తాగుతూ చదివి, పదివేలలో నాలుగంటే ఎవడో ఒకడికి జరుగుతుంది కదా గ్లెన్ అన్నాడు, ఆ తర్వాత, నువ్వు అడగొచ్చు కదా, అడిగితే చెప్పేవాణ్ణి, లెక్కేసుకుంటూ కూర్చున్నావు అన్నాడు, సంచీ సర్దుకున్నాడు, ఆ మర్నాడే ఈ కీ తయారు చేసింది, ఎవరి అభిప్రాయాల మీదా నమ్మకం లేకుండా, కానీ పాత అలవాటు కొద్దీ చివర్లో మర్యాదగా అని రాసింది, అదే చివరిసారి.

ఇంకేదో ఉంది, ఇంకేదో, ఆ పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు, ఈత క్లాసు నుంచి వచ్చినట్టు తడి జుట్టు, చేతిలో దిద్దిన పేపరు, పదిహేడేళ్ళ పిల్ల, మిస్, తొమ్మిదో ప్రశ్నలో నాకు అయిదు ముప్పావు వచ్చింది, మీరు తప్పు పెట్టారు, నేను రెండుసార్లు చేసి చూసుకున్నాను అంటోంది, గ్లెనిస్ తలెత్తలేదు, ముందు బల్ల మీద మెర్విన్ వదిలి వెళ్ళిన తాళం చెవుల గుత్తి ఉంది, కీలో రెండని ఉంది, ఇంటికెళ్ళి మళ్ళీ చదువుకో అంది, ఆ పిల్ల సారీ మిస్ అని వెళ్ళిపోయింది, చెప్పుల తడి గుర్తులు తలుపు దాకా, ఆరు మార్కులు, రైటు రాసి సారీ చెప్పి వెళ్ళింది, ఆ తడి జుట్టు పిల్ల ఎవరో తెలుసుకోవడానికి లెక్కలేమీ అక్కర్లేదు, ఇవాళ పొద్దున హెల్మెట్టు ఊపుకుంటూ, అయ్యో మిస్ తగిలిందా అని పరుగెత్తుకొచ్చింది.

జిమ్ము తలుపు మెల్లగా తెరుచుకుంది, పదిన్నర, రెండో కాపలా, టామ్సిన్ బూట్లు చప్పుడు కాకుండా వేళ్ళ మీద నడుస్తూ వచ్చి, అంతా సవ్యమేనా మిస్ అంది చెవి దగ్గర, ఎవరూ ఏడవలేదు కదా, గ్లెనిస్ ఆమెను గోడవారకు తీసుకెళ్ళింది, కీలో తొమ్మిదో ప్రశ్న మీద వేలు పెట్టింది, ఇది ఎక్కడిది అని అడిగింది, టామ్సిన్ తొంగి చూసి, ఓ అదా, మీదే కదా, మా బ్యాచికి మీరిచ్చింది, అన్నీ దాచుకున్నాను, అమ్మ వాటిని పారేస్తానంటే గొడవ పెట్టుకున్నాను కూడా, ఆ చివరి మాట కోసమే వాడాను, మీరు మళ్ళీ ఎప్పుడూ అనలేదు, నేను వచ్చిన దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్నాను అంది నవ్వి, గ్లెనిస్ అంది, లెక్క మళ్ళీ చేసి చూశావా, లేదు మిస్, మీరు చేసింది కదా, అని, ఆమె మొహంలో ఏదో చూసి, ఆ తర్వాత కాగితం చూసి, మెట్టు దగ్గర ఆగి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది, మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది, సరిగ్గా గ్లెనిస్ కోరుకున్నట్టే, కానీ చూడటానికి ఏమీ బాగాలేదు, పదమూడు ఉండాలి, అంది టామ్సిన్, దేవుడా, క్లాసులో పదమూడనే చెప్తాను, ఇక్కడ చూడనేలేదు, తప్పు నాదే మిస్, మీటింగులో చెప్తాను.

నీది కాదు, అంది గ్లెనిస్, నీకు ఆరు మార్కులు బాకీ, టామ్సిన్ కనుబొమలు ముడిపడ్డాయి, ఆ పైన మెల్లగా విడిపోయాయి, గుర్తొచ్చింది, అయితే నాదే రైటా అంది, పదిహేడేళ్ళ గొంతుతో, అవును, నీదే రైటు, అప్పుడూ, నేను తలెత్తి చూడలేదు, అని గ్లెనిస్ పెన్ను తీసి కీలో పద్నాలుగుని కొట్టేసి పదమూడు వేసింది, రెండుని కొట్టేసి అయిదు ముప్పావు వేసింది, అనుమానించవచ్చు అన్నదాన్ని అనుమానించలేం అని మార్చింది, మర్యాదగా అన్న మాటను మాత్రం ముట్టుకోలేదు, పక్కన తన పేరు పూర్తిగా రాసి తేదీ వేసింది, పన్నెండింటికి దీన్ని తనే చదువుతుంది, ఈ పాత కీ, ఇందులోని తప్పు రెండూ నావే అని డారిల్ ముందు అంటుంది, ఆ మాటతో శుక్రవారం ఎటు పోతుందో పోనీ, ఫోల్డరు టామ్సిన్‌కి ఇచ్చేసింది, ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో అందుకుంది, చిన్నప్పుడు దిద్దిన పేపర్లు అందుకున్నట్టే, థాంక్యూ మిస్ అంది, ఆ మిస్‌లో ఇన్నాళ్ళూ వయసు వినిపించింది, అందులో వేరేది ఉందని చెవికి ఇప్పుడు తెలిసింది.

తలుపు వైపు నడుస్తూ జోరీ బల్ల పక్కన క్షణం ఆగింది, వాడు ఆఖరి వాక్యం రాస్తున్నాడు, పత్రికను అనుమానించడానికి వీల్లేదు, మా తాతకు మర్యాదగా చెప్పాలి, అని, వాడికి ఆ మాట ఎవరు నేర్పారు, టామ్సిన్, టామ్సిన్‌కి ఎవరు నేర్పారు, ఏడు నెలలుగా గోడ అవతలి నవ్వుల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టింది, ఒక్కొక్కటీ కడుపులో వేసుకుని కాల్చుకుంది, ఇవి నావి కావు, ఇవి దానివి అనుకుంటూ, ఆ నవ్వులు ఎక్కడ మొదలయ్యాయో ఆ అంకెను ప్రతిసారీ బయటికి తోసేసి, తన తర్వాత నుంచి మాత్రమే కూడుతూ వచ్చింది, పద్నాలుగేళ్ళ క్రితం కీలో చేసిన తప్పే ఇదీ, బయట గాలి కొంచెం తగ్గింది, పైన్ చెట్టు మీద ఆ పిట్ట కూర్చుని ఇటే చూస్తోంది, దానికి మొహాలు గుర్తుంటాయట, ఏళ్ళ తరబడి, గ్లెనిస్ చెయ్యి నెత్తి మీదికి పోలేదు, ఆ నవ్వుల లెక్కలో మొదటిది తనది, కనీసం అంటే తనతో కూడా కలిపే.